కారు అడుగు చూపించే ఖాదర్ గారు

నిన్న సాయంత్రం పోర్టు రోడ్డులో సిగ్నల్ దగ్గర ఆగాను. అంతలోనే వాన మొదలైంది. నాకు ఏసీ పడదు కాబట్టి కారు అద్దం దించే ఉంది. పక్కన ఒక కంటైనర్ లారీ ఆగి ఉంది. తుప్పు పట్టిన దాని ఒంటి మీద తొలి చినుకులు పడగానే గుప్పున వాసన లేచింది. తడిసిన ఇనుము, బొగ్గు మసి, సముద్రం మీంచి వచ్చే ఉప్పు చెమ్మ, మూడూ కలిసిన వాసన. వెనక కూర్చున్న మా చెల్లెలు ముక్కు మూసుకుంది. నాకు ఖాదర్ గారు గుర్తొచ్చారు. పోయినవాళ్ళు ఎవరికైనా పూల వాసనతోనో వంట వాసనతోనో గుర్తొస్తారు, నాకు ఈయన తుప్పు వాసనతో గుర్తొస్తారు. ఈ మాట ఆయనతో అని ఉంటే "ఇంతకన్నా మంచి వాసన దొరకలేదేటమ్మా నీకు?" అని కసిరి, ఆ తర్వాత కనిపించిన ప్రతి ఒక్కరికీ గొప్పగా చెప్పుకునేవారు.

ఆయన మా కార్ల షోరూమ్‌లో వర్క్‌షాప్ మేనేజర్. మేం అమ్మే కారు ముందు భాగంలో పక్షి రెక్క గుర్తు ఉండేది. అందుకని మా వైపు జనం దాన్ని రెక్క బండి అనేవారు. నేను అక్కడ సర్వీస్ అడ్వైజర్‌గా చేరాను. పేరు పెద్దదే గాని, బండి పాడైనవాళ్ళ తిట్లు అందరికంటే ముందు తినే ఉద్యోగం అది. మాది సబ్బవరం దగ్గర వ్యవసాయ కుటుంబం. ఫ్యాను కింద కుర్చీ ఉద్యోగమని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. కుర్చీ ఉంది, ఫ్యానూ ఉంది. కూర్చునే తీరిక మాత్రం ఉండేది కాదు. ఖాదర్ గారు మా ఊళ్ళోనే హార్బర్ పక్కనున్న పాతపట్నం మనిషి, వాళ్ళ నాన్నగారిది తాళాల కొట్టు. గాలికి కూడా గ్రీజు అంటుకునే వర్క్‌షాపులో ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ మడత నలగకుండా తిరిగేవారు. ఆ చొక్కా మీద ఆయనకు ఎంత మురిపెమో, తన పాలిటెక్నిక్ డిప్లొమా మీద అంతకు రెట్టింపు. గొంతు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. చేరిన వారంలోనే ఆయన నా మీద అరిచారు, నేను ఏడ్చాను. మధ్యాహ్నం తన టిఫిన్ క్యారియర్ నా ముందుకు జరిపి "తిను. ఏడుపుకి బలం కావాల" అన్నారు. ఆయనతో వేగడం ఎలాగో నాకు ఆ రోజే తెలిసింది.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. కొత్త కారు తీసుకోవడానికి కుటుంబం మొత్తం దిగుతుంది కదా. చక్రాల కిందకి నిమ్మకాయలు, కొబ్బరికాయ, బానెట్ మీదకి దండ, పక్కన ఫోటోలు తీసే మేనల్లుడు. సరిగ్గా అప్పుడు ఈయన అడ్డం వచ్చేవారు. "ముందు పైకి, తరవాతే పూజ" అని కారును లోపలికి తీసుకెళ్ళి లిఫ్టు మీద తలకన్నా ఎత్తుకి లేపించేవారు. పట్టుచీరల ఆడవాళ్ళని, కర్ర పట్టుకున్న తాతల్ని అందరినీ దాని కిందకి పిలిచేవారు. అడుగున ఇనుప రేకు కనపడకుండా దళసరిగా నల్లటి పూత ఉండేది. దాన్ని వేలి కణుపుతో కొట్టి చూపిస్తూ, "మనది ఉప్పు గాలి ఊరు. ఇక్కడ తుప్పు బండిని కింద నుంచి తింటాది. ఈ నలుపు ఉన్నంతకాలం నీ బండికి ఢోకా లేదు. నాను సెప్తన్నాను" అనేవారు. ఒకసారి ఒక ముసలమ్మ "ఏటి బాబూ, కొత్త కోడలి కాళ్ళు పైకెత్తి సూపించినట్టు ఇదేటి సోద్యం?" అంది. వర్క్‌షాపంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, వాళ్ళు తేవడం మరచిపోయిన నిమ్మకాయలు తన సొరుగులోంచి తీసి ఇచ్చారు. అలా మరచిపోయేవాళ్ళ కోసం ఆయన సొరుగులో నిమ్మకాయలు ఎప్పుడూ ఉండేవి.

ఇదంతా ఆయన దర్జా కోసమే అనుకునేదాన్ని. ఒకసారి అడిగేశాను కూడా. "కారు మొహం ఎవడైనా సూపిస్తాడమ్మా. అడుగు సూపించి అమ్మితే ఆడు నీ మాట మీద కొన్నట్టు. రెక్క బొమ్మ మీద కాదు" అన్నారు. దర్జా ఉంది, కాదనను. కాని దర్జా కోసం మనిషి ఇంత బాధ్యత నెత్తిన వేసుకుంటాడా అని అప్పుడే అనుమానం వచ్చింది.

కొన్నేళ్ళకు మా కార్లు తయారుచేసే కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. మాకు ఎవరూ చెప్పలేదు, టీవీలో చూసి తెలుసుకున్నాం. మర్నాడు మిఠాయి డబ్బాలు, కొత్త టీషర్టులు వచ్చాయి. రెక్క గుర్తు అలాగే ఉంది. కొనేవాళ్ళంతా అదే అడిగేవారు, "పేరు మారలేదు కదా మేడమ్? అదే బండి కదా?" అని. నేను అవునని తలూపేదాన్ని. ఖాదర్ గారు ఊపేవారు కాదు. పాత కంపెనీలో ఫోన్ చేస్తే పేరు పెట్టి పిలిచే ఇంజనీర్లు ఉండేవారు ఆయనకు. వాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని రికార్డు గొంతు. "గుర్తు ఉంచీసి మనుషుల్ని మార్చీసారు" అని రోజంతా గొణిగేవారు. కొత్తవాళ్ళు చేసిన ప్రతిదీ ఆయనకు చెడ్డదే. వాళ్ళు వచ్చాకే వర్క్‌షాపులో ఆడవాళ్ళకు వేరే మరుగుదొడ్డి కట్టారు. నాకు మటుకు ఆ ఒక్క పనికే కొత్త యజమానుల మీద గౌరవం కలిగింది. ఆ మాట పైకి అంటే ఆయన ఊరుకోరని లోపలే ఉంచుకున్నాను.

అప్పలనాయుడు అని మా సబ్బవరం మనిషే ఒకతను ఉండేవాడు. అచ్యుతాపురం కంపెనీలకు షిఫ్టు ఉద్యోగుల్ని తిప్పే టాక్సీ అతనిది. పాత రెక్క బండి మీదే ఇల్లు గడిచింది, ఇద్దరు ఆడపిల్లల చదువులూ సాగాయి. ఆ బండి అరిగిపోయాక కొత్తది కొనడానికి వచ్చాడు. ఖాదర్ గారిని బావా అని పిలిచేవాడు. "ఏ బండి తీసుకోమంటావు బావా?" అని అడిగితే ఈయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఇప్పుడు ఇక్కడ కొనకు. గేర్‌బాక్స్ మార్చీసారు. నాకు నమ్మకం లేదు" అన్నారు. అప్పలనాయుడు ఎందుకని కూడా అడగలేదు. వెళ్ళి వేరే కంపెనీ బండి కొన్నాడు. ఆ బండి అతన్ని ఏడిపించింది. షిఫ్టు టైముకి మనుషుల్ని దింపలేక రెండు కంపెనీలు అతన్ని మానిపించాయి. ఇక్కడ మా దగ్గరేమో, కొత్త గేర్‌బాక్స్ బండ్లు నెలల తరబడి తిరుగుతున్నాయి గాని ఒక్కరూ దాని గురించి ఫిర్యాదు తేలేదు. తిట్లు తినేది నేనే కాబట్టి నాకది బాగా తెలుసు. ధైర్యం చేసి చెప్పాను. ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒక బండిది తానే దగ్గరుండి విప్పించి, చాలాసేపు చూసి, "బాగా సేసారు ఎదవలు. మనదానికన్నా బాగుంది" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో మెడ మీద నరాలు చూస్తే తెలిసింది.

ఆ ఆదివారం ఆయన సబ్బవరం బయలుదేరారు. దారి చూపించమని నన్నూ రమ్మన్నారు. దారి ఆయనకు తెలుసు, ఒక్కరే వెళ్ళడానికి మొహం చెల్లక పిలిచారు. అప్పలనాయుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. భార్య మజ్జిగ ఇచ్చింది. ఖాదర్ గారు గ్లాసు పక్కన పెట్టి నేరుగా విషయంలోకి దిగారు.

"బావా, నాను తప్పు సెప్పాను. ఆ గేర్‌బాక్స్ మంచిదే. కొత్తోళ్ళ మీద కోపంతో, సూడకుండా నోరు పారీసుకున్నాను. నీకు నష్టం సేసాను."

అప్పలనాయుడి కన్నా ముందు అతని భార్యే అంది, "మీరు సెప్పారనే కదా బాబూ ఆ దరిద్రపు బండి కొన్నాం" అని. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. ఖాదర్ గారు తలొంచుకుని విన్నారు. అంతటి కోపిష్టి మనిషి ఒక్క మాట ఎదురు చెప్పకుండా తిట్లు తినడం నేను చూడటం అదే మొదలు. ఆవిడ ఆగాక అప్పలనాయుడు అడిగాడు, "అయితే ఇప్పుడేటి, మీ కాడే కొనీమంటావా?" ఈయన "కొను" అన్నారు. అతను ఆ బండిని వచ్చినకాడికి అమ్మేసి, మళ్ళీ మా దగ్గరకే వచ్చాడు.

అసలు కష్టం ఇక్కడే మొదలైంది. అప్పలనాయుడి కొత్త బండిని అలవాటు ప్రకారం పైకి లేపించారు. దండలు పట్టుకుని కుటుంబమంతా కిందకి వచ్చింది. అడుగున నల్లటి పూత లేదు. పలచటి రంగు మాత్రమే ఉంది. మాకు పూత లేని బండి రావడం అదే మొదటిసారి.

"ఏటి బావా, ఇక్కడ నల్లగా ఉండాల కదా?" అన్నాడు అప్పలనాయుడు.

ఖాదర్ గారు పక్కకి వెళ్ళి జోనల్ ఆఫీసర్‌కి ఫోన్ చేశారు. కొత్త కంపెనీ పంపిన కుర్రాడు, మర్యాద తెలిసినవాడు. "ఇది కొత్త పెయింట్ సార్. పూత అవసరం లేదు. అన్ని ఊళ్ళలోనూ ఇదే పద్ధతి" అన్నాడు. ఈయన ఫోన్ పెట్టేసి గోడ వైపు తిరిగి నిలబడ్డారు. నాకు ఆయన మనసు అర్థమైంది. పాత ఖాదర్ గారైతే అక్కడే బండి వాపసు పంపేవారు. కాని చూడకుండా నోరు పారేసుకుని ఒక కుటుంబాన్ని ముంచిన మనిషి ఇప్పుడు మళ్ళీ ఏ ధైర్యంతో వద్దంటారు? వెనక్కి వచ్చి, "పూత అక్కర్లేదంటన్నారు బావా. అదెంత నిజమో నాకు తెల్దు" అన్నారు. అప్పలనాయుడు "నీకు తెల్దంటే ఇంకెవరికి తెలుస్తాది? కానీయ్" అని నవ్వేసి నిమ్మకాయలు అందుకున్నాడు.

తర్వాతి వారం ఖాదర్ గారు సరిగ్గా అదే బండి, అదే రంగు, తన కోసం కొన్నారు. అప్పటిదాకా ఆయన స్కూటర్ మీద వచ్చేవారు. వర్క్‌షాపులో అందరూ పార్టీ అడిగారు. నాకొక్కదానికే కారణం చెప్పారు. "ఆడి బండికి ఏటి జరిగితే నా బండికీ అదే జరగాల. కళ్ళతో సూసే మాటాడతాను ఈసారి." ఇల్లు పాతపట్నంలో, హార్బర్ గాలి నేరుగా తగిలే వీధిలో. బండికి కవర్ తొడగనిచ్చేవారు కాదు. ఆయన భార్య షకీలా గారు ఒకసారి నాతో వాపోయారు. "మా ఇంట్లో అప్పడాలు కూడా డబ్బాలో దాస్తాం చెమ్మకి. ఈయన అంత కారు తెచ్చి సముద్రానికి ఎదురుగా ఆరబెడతన్నారమ్మా!" ఆయన వెనకనుంచి "నీకు తెల్దులే" అని అరిచారు. అమ్మకాల సమయంలో మాత్రం పద్ధతి మానలేదు. ప్రతి బండినీ పైకి లేపేవారు. "పూత లేదు. కంపెనీ అవసరం లేదంటాది. నాకు తెల్దు. తెలిసాక మీ ఇంటికొచ్చి సెప్తాను" అనేవారు. అది విని కొందరు వెనక్కి తగ్గారు. షోరూమ్ యజమాని పిలిచి మందలించారు. మెకానిక్కులు కూడా విసుక్కున్నారు, బండ్లు అమ్ముడుపోకపోతే పని ఎక్కడిది అని. వాళ్ళ మాటా తప్పు కాదు. ఆయన ఎవరికీ ఎదురు చెప్పలేదు, పద్ధతీ మార్చుకోలేదు.

రెండు వానాకాలాలు గడిచాయి. ఒక ఉదయం ఆయన తన బండిని తానే లిఫ్టు మీదకి ఎక్కించారు. తలుపుల కింది అంచు పొడుగునా తుప్పు. గోటితో గీకితే పొరలు పొరలుగా రాలింది. అప్పలనాయుడి బండిని తెప్పించారు, అది ఇంకా అధ్వాన్నంగా ఉంది. జోనల్ ఆఫీసర్‌ని ప్రత్యేకంగా రమ్మన్నారు. ఆ కుర్రాడు మొదట "ఎలా వాడారో కూడా చూడాలి కదా సార్" అన్నాడు. ఖాదర్ గారు తన బండి కిందకి తీసుకెళ్ళి, "ఇది నాను వాడిన బండి. ఎలా వాడానో నన్ను అడుగు" అన్నారు. అతను చెయ్యి పెట్టి చూశాడు. రాలిన పెచ్చు అరచేతిలో పడింది. దాన్ని అలాగే పట్టుకుని, "మా వాళ్ళు ఈ ఊరు చూడలేదు సార్. నేను రాస్తాను. వింటారో లేదో చెప్పలేను" అన్నాడు. అతని మీద నాకు అప్పుడే ఇష్టం కలిగింది. అదే రోజు నుంచి ఖాదర్ గారు సాయంత్రాలు కొన్నవాళ్ళ ఇళ్ళకు తిరగడం మొదలుపెట్టారు. మొదట వెళ్ళింది సబ్బవరమే. ఈసారి నన్ను తోడు పిలవలేదు.

ఆ తర్వాత ఎంతోకాలం ఆయన్ని ఉంచలేదు. వయసు దాటిన మేనేజర్లను కొనసాగించవద్దని పైనుంచి వచ్చిందట. అది తుప్పు గొడవకి శిక్షో, నిజంగానే నియమమో నాకు ఇప్పటికీ తెలియదు. శాలువా కప్పారు. ఆయన ఆ శాలువా నా కుర్చీ మీద వదిలేసి, నిమ్మకాయల సొరుగు తాళం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

ఏడాది తిరగకుండానే ఒక లోడు కొత్త బండ్లు దిగాయి. ఆయన లేకపోయినా నేను మొదటి బండిని పైకి లేపించాను. అడుగంతా నల్లగా ఉంది. సముద్రతీరపు ఊళ్ళకు వెళ్ళే బండ్లకు పూత మళ్ళీ పెట్టారు. సెలవు చెప్పేసి పరుగున పాతపట్నం వెళ్ళాను. అప్పటికి ఆయనకు గుండె జబ్బు ముదిరింది, మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. చెప్పగానే మొహం వెలిగిపోయింది. "ఇన్నావా షకీలా? ఇన్నారంట ఆళ్ళు!" అని కేకేశారు. షకీలా గారు టీ తెచ్చారు. ఆయన కప్పు అందుకున్నారు గాని తాగలేదు.

"ముందు కొన్నోళ్ళ సంగతేటి?" అన్నారు.

ఇకమీదట వచ్చే బండ్లకే అని చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టేశారు. మొహంలో వెలుగు పోయింది. "పూత లేని బండ్లు నా మాట మీద కొన్నోళ్ళే కదమ్మా అందరూ. ఆళ్ళని ఒగ్గీసి మనం పండగ సేసుకుంటామా?" అన్నారు. నాకు సిగ్గేసింది అనను, కాని అంతవరకూ ఆ ప్రశ్న నా బుర్రకు తట్టనే లేదు. నేను గెలుపు వార్త మోసుకెళ్ళాను. ఆయనకు అందులో మిగిలిపోయిన మనుషులు కనిపించారు.

ఆ ప్రశ్ననే తీసుకెళ్ళి జోనల్ ఆఫీసర్ ముందు పెట్టాను. ఒకసారి కాదు, అతను నా నంబరు చూసి నిట్టూర్చేదాకా. చివరికి మా ఊరికి మటుకు కంపెనీని ఒప్పించాడు. పూత లేకుండా అమ్మిన బండ్లన్నిటికీ తుప్పు గీకి, పూత వేసి ఇవ్వాలి, కొన్నవాళ్ళ దగ్గర ఏమీ తీసుకోకూడదు. ఆ సంగతి ఫోనులో చెప్తే ఖాదర్ గారు ఒక్కటే అన్నారు. "నా బండి ఆఖర్న ఎయ్యండి. అందరిదీ అయ్యాక." నేను ఒప్పుకున్నాను. ఒక్కొక్కరినీ పిలిచి పని చేయించాం. కొందరు మెచ్చుకున్నారు, కొందరు ఇన్నాళ్ళూ ఏం చేశారని తిట్టారు. ఆ పని ఇంకా కొంత మిగిలి ఉండగానే ఆయన పోయారు.

మిగతా అందరి బండ్లూ అయ్యాక ఆఖరి బండిని అప్పలనాయుడు తోలుకొచ్చాడు. షకీలా గారి దగ్గర తాళం అడిగి తెచ్చాడట. ఖాదర్ గారి బండి లిఫ్టు మీద లేచింది. తుప్పు అంచంతా తినేసింది, కొత్త రేకు అతికి పూత వేయాలి. అప్పలనాయుడు దాని కింద నిలబడి తలెత్తి చూస్తూ, నాతోనో తనతోనో తెలియకుండా అన్నాడు.

"బావ నన్ను ఒకసారి వొద్దని తప్పు సేసాడు. ఒకసారి వొద్దనక తప్పు సేసాడు. రెండుసార్లూ ఇంటికొచ్చి మరీ సెప్పాడు. మరింకెవుడి కాడ కొంటాను నాను?"

మెకానిక్కులు పని ఆపి నిలబడ్డారు. నేను ఏడ్చాను. ఈసారి క్యారియర్ జరిపే మనిషి లేడు.

ఇప్పుడు ఆ వర్క్‌షాప్ నేనే చూస్తున్నాను. మా కంపెనీని ఇంకెవరో కొంటున్నారని మళ్ళీ వార్తలు వస్తున్నాయి. నిజమో కాదో తెలియదు. కొనడానికి వచ్చినవాళ్ళు "కంపెనీ చేతులు మారితే బండి బాగుంటుందా మేడమ్?" అని అడుగుతున్నారు. బండిని పైకి లేపి, నాకు కనిపిస్తున్నదేదో చూపిస్తాను. తెలిసింది చెప్తాను, తెలియనిది తెలియదంటాను. వెళ్ళేముందు వాళ్ళ ఇల్లు ఎక్కడో, ఏ సందులోంచి రావాలో గుర్తులతో సహా అడిగి తెలుసుకుంటాను. ఫోన్ నంబర్ ఉంది కదా, ఇల్లెందుకు అని వాళ్ళు ఆశ్చర్యపోతారు. తప్పు చెప్పానని తేలితే ఫోనులో కాదు, వాళ్ళ అరుగు మీద కూర్చుని చెప్పాలి.